ఎంగిలి కరెంటు

వెనకటికి కొండెవరం జమీందారు డైనమో తెప్పించి, కోట చావడిలో కరెంటు దీపం పెట్టించాడు. దానికి ముహూర్తం చూశారు, గుమ్మడికాయ కొట్టారు, ఆస్థాన కవి పద్యం కూడా చదివాడు. ఊరంతా కోట ముందే!

మంత్రసాని గవరమ్మ మాత్రం తీగల వంక చూసింది. కోట ఎదురుగా ఉన్న ఆమె కాన్పుల పాకలో ఆముదం దీపం గాలికి ఆరిపోయి, మొన్ననే ఒక బాలింత ప్రాణం మీదికి వచ్చింది. తీగలు బిగించడానికి పట్నం నుంచి వచ్చిన మేస్త్రీని అడిగితే, "ఒక తీగలో కరెంటు వెళుతుంది, రెండోదాంట్లో తిరిగొస్తుంది" అన్నాడు.

ఆమె దొర ముందు చేతులు కట్టుకుంది. "దొరా, నా పాకకూ ఒక దీపం..."

"నా కరెంటు నీ పాకకా? ఎంత పొగరే!"

"మీరు వాడుకున్నాక తిరిగొచ్చేదే ఇప్పించండి బాబూ. ఎలాగూ ఎంగిలేగా!"

సభ గొల్లున నవ్వింది. "ఎంగిలి మెతుకులు కాకులకు వెయ్యమూ? ఆ రెండో తీగ దీని పాకలోంచి తిప్పండి" అన్నాడు దొర.

మేస్త్రీ తీగ తిప్పి, అలాంటి దీపమే బిగించి, పట్నం బండెక్కేశాడు. దొర దీపం మందగించింది గానీ, పాకలో దీపం సరిగ్గా దానంతే వెలిగింది!

"ఎంగిలికి ఇంత వెలుగా? పీకండి!" అని దొర గావుకేక పెట్టాడు. నౌకరు పాకలో బల్బు పీకాడో లేదో, అతిథుల నడుమ చావడంతా చీకటి!

"తిరిగొచ్చే దారి తెగితే వెళ్ళే దారీ ఆగిపోద్ది దొరా," అంది గవరమ్మ చీకట్లోంచి. "మళ్ళీ పెట్టమంటారా?"

"పెట్టు తల్లీ, పెట్టు!"

అప్పట్నుంచి రోజూ పొద్దుగూకేసరికి దొరగారి నౌకరు పాకకు వచ్చి, గవరమ్మ దీపం క్షేమంగా ఉందో లేదో చూసి మరీ వెళ్ళేవాడు.