మూల కలవని పట్టీ

విరూపాక్షాచారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు, చేతికి పని ఇస్తాడు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి వడ్రంగం చేస్తున్న సోమలింగానికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ రోజు, ఒక కొత్త ఇంట్లో పని మధ్యలో, కడుపు మంట ఆపుకోలేక అడిగేశాడు.

"తప్పు వాళ్లదైనప్పుడు నేనెందుకు తగ్గాలి గురువుగారూ?"

మర్నాడు అతని అన్న కూతురి పెళ్లి. ఆ పిల్ల సోమలింగం భుజాల మీదే పెరిగింది. ఊరందరినీ బొట్టు పెట్టి పిలిచిన వదిన, పక్క వీధిలో ఉన్న మరిది గడప మాత్రం తొక్కలేదు. శుభలేఖ ఎవరి చేతనో పంపి ఊరుకుంది. సొంత మనిషికి పరాయివాళ్ల చేత పిలుపా? వెళ్లేది లేదని భార్యతో తెగేసి చెప్పాడు. ముందురోజు ఆ పిల్లే వచ్చి "బాబాయ్, వస్తావుగా" అంటే ముఖం తిప్పుకున్నాడు.

గురువు అంతా విని గోడ అల్మారా వైపు చూపించాడు. రెండు గోడల వెంట మూల తిరిగిన అల్మారా అది. పై అరకూ ఇంటి కప్పుకూ మధ్య ఖాళీ కనబడకుండా మోల్డింగ్ చెక్క పట్టీలు బిగించాలి.

సోమలింగం పళ్లు నూరుకుంటూనే రెండు పట్టీల కొసలూ లెక్క ప్రకారం ఏటవాలుగా కోశాడు. ఎత్తి పెడితే మూలలో వేలు దూరేంత సందు. రెండు కొసలూ జతచేసి మూలమట్టం ఆనించాడు, కోతలో వెంట్రుకవాసి తేడా లేదు. గోడకు ఆనించాడు, గోడల మూలే విచ్చుకుని ఉంది.

"గోడ కళ్లు మూసుకుని కట్టాడు మేస్త్రీ వెధవ. నా కోతకేం తక్కువ?" అంటూ పట్టీని సుత్తితో మూలలోకి బాదాడు. నిగనిగలాడే టేకు పట్టీ నిలువునా చీలింది.

గురువుకూ ఒళ్లు మండింది. ఆయన కోపానికి గొంతు లేవదు.

"నీ కోత సరైనదే. సందూ అలాగే ఉంది."

ఆయన రెండు రెక్కలూ కదిలే మట్టం తీసి, ఆ మూల ఎంత విచ్చుకుందో కొలిచి, ఆ ప్రకారం కొత్త పట్టీలు కోసి బిగించాడు. అతుకు వెతికినా దొరకలేదు.

అది చూసి సోమలింగం ఇంకా రగిలిపోయాడు. "అంటే వంకరగా కట్టినవాడిదే ఒప్పంటారు?"

"నేను గోడను కొలిచానురా, మెచ్చుకోలేదు," అన్నాడు గురువు, ఒంటి మీది రంపపు పొట్టు దులుపుకుంటూ. "ముహూర్తం ఎన్నింటికన్నావు?"