మోట తోలుకు ఆముదం

కొండవారన పాతకాలపు మోటబావి ఒకటుంది. మనుషులు ఆ చోటు వదిలిపోయాక జంతువులే దాన్ని పట్టుకుని బతుకుతున్నాయి. పుల్లెద్దు మోట లాగితే జొన్నచేనుకు నీళ్లు, చేను పండితే అందరికీ తిండి. నీళ్లు తోడే తోలుసంచి బిరుసెక్కకుండా కుందేళ్లు ఆముదం పట్టించేవి. అందుకు ఉమ్మడి గాదెలోంచి వాటికి జొన్నలు ముట్టేవి.

వానలు మొహం చాటేసిన ఏడు జంతువులన్నీ కలిసి పందికొక్కు దగ్గర జొన్నలు అప్పు తెచ్చుకున్నాయి. కరువు పోయింది గాని అప్పు పోలేదు. పైగా పెద్దరికం చేసే నెమలి ప్రతి పున్నమికీ ఆట పెట్టి, వచ్చినవాళ్లందరికీ ఆ ఉమ్మడి గాదెలోంచే విందు పెట్టేది. చివరికి పందికొక్కు బొరియలోంచి తల బయటపెట్టి, ఖర్చు తగ్గించుకుని బాకీ కట్టకపోతే ఊరుకోనంది. అది అడిగింది న్యాయమేనని పుల్లెద్దుకూ తెలుసు. తిన్న అప్పు తీర్చక తప్పుతుందా?

విందులు మానేద్దామంది పుల్లెద్దు. నెమలి మొహం ముడుచుకుంది. ఆ విందుల్లో ముందు వరసలో కూర్చునే నక్క గొంతు సవరించుకుంది.

"విందు మానేస్తే నలుగురికీ తెలుస్తుంది మామా, పరువు పోతుంది. ఎవరికీ తెలియని ఖర్చు కొయ్యాలి. ఆ కుందేళ్లు చేసే పనేముంది, తోలుకు నూనె రాయడమేగా?"

"అది ఆపితే ఈ ఏడు తెలీదల్లుడూ. పై ఏడు తెలుస్తుంది," అంది పుల్లెద్దు.

"పై ఏటి సంగతి పై ఏడు చూద్దాంలే."

అన్నీ తలలూపాయి. పుల్లెద్దు లేచి మోట దగ్గరికి నడిచింది. ఇలాంటి సభలు అది చాలా చూసింది.

కుందేళ్లు మూటాముల్లె సర్దుకుని కొండ అవతలికి పోయాయి. వాటి జొన్నలు పందికొక్కు బొరియకు చేరాయి. అప్పు కాస్త తగ్గింది, నక్కకు మెడలో దండ పడింది. పుల్లెద్దు మాత్రం మోట లాగుతూ, రోజురోజుకూ ఎండిపోతున్న తోలు కిర్రుమనడం వింటూ ఉండేది. దానికి కోపం కూడా రాలేదు, అలసటే వచ్చింది.

మరుసటి వేసవికి తోలు పగుళ్లిచ్చింది. పుల్లెద్దు ప్రాణం పెట్టి లాగినా, సంచి పైకొచ్చేసరికి నీళ్లన్నీ బావిలోకే జారిపోయేవి. చేను వెన్ను తీయకముందే మాడిపోయింది.

బాకీ వసూలుకొచ్చిన పందికొక్కు ఎండిన దంట్ల మధ్య నిలబడి, తన జొన్నలేవని అడిగింది.

"బావిలోనే ఉన్నాయి," అంది పుల్లెద్దు. "పైకి రాలేదు."

పందికొక్కు వెళ్లి పగిలిన తోలుసంచిని చూసింది. వెంటనే నెమలి తోక చాటున నక్కిన నక్కను చెవి పట్టుకుని లాక్కొచ్చి, ఆముదం ముంత చేతికిచ్చింది. ఇచ్చిన అప్పు మీద ఆశ చావక తానూ పక్కనే కూర్చుంది. రెండూ పొద్దుగూకేదాకా రుద్దాయి. పగిలిన తోలు అతుక్కుంటుందా? నూనె ఒక పగులులోంచి దిగి ఇంకో పగులులోంచి కారిపోయింది.

పుల్లెద్దు వాటినొకసారి చూసి, అలవాటు కొద్దీ వెళ్లి కాడి కింద నిలబడింది.

నీతి: అప్పు తీరాలంటే ఖర్చు కోయాల్సిందే, కాని ముందు కోయాల్సింది విందును, నీళ్లు తోడే మోటను కాదు.