గుమ్మం ముందు ఆగిన అడుగులు

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు గురువుగారికి లేదు. "పక్క ఊళ్ళో ఒక ముసలాయన ప్రాణం తీసుకున్నాడట స్వామీ. ఎటూ పోయే వయసే కదా, ఆ తొందరెందుకు?" అని శిష్యుడు వరదయ్య అడిగినప్పుడూ అంతే. ఆయన చేటలో బియ్యం ఏరడం ఆపలేదు.

మర్నాడు పొద్దున సన్నటి ముసురు. చెట్లూ గట్లూ నీళ్ళలో కరిగిపోతున్నట్టున్నాయి. అందులోంచి పైడమ్మ కలలోంచి నడిచొచ్చినట్టు వచ్చింది. నాట్లు వేసే ఆడవాళ్ళకి ఒకప్పుడు పాట అందించిన మనిషి. చంకలో కోడి, చేతిలో ఇత్తడి చెంబు.

"ఇవి ఉంచండి బాబూ. నాకింక వీటితో ఏటి పని?"

వరదయ్యకి కళ్ళు చెమర్చాయి. ఏళ్ళ తరబడి జపం చేసినా తనకి రాని వైరాగ్యం ఈవిడకి ఎంత సులువుగా వచ్చింది! చేతులు జోడించాడు కూడా.

గురువుగారు మాత్రం, "ఈ ఏడు నాట్లకి నిన్ను పిలిచారా?" అన్నారు.

"నడుం వంగదు కదా. తెల్లారగట్ల కూలోళ్ళని కూడేసే మేస్త్రమ్మ ఇంటింటికీ పిలుచుకుంటా వస్తాది. మా గుమ్మం కాడ ఆగదు. ఆ అడుగులు దాటిపోడం పడుకునే వింటాను. కూలి తేనిదానికి కోడలు కూడు పెట్టదని కాదు, పెడతాది. మాటాడదు, అంతే."

"చచ్చిపోదామనుకుంటున్నావా పైడమ్మా?"

వరదయ్య ఉలిక్కిపడ్డాడు. పైడమ్మ కోడి ఈకలు దువ్వుతూ వాన వైపు తిరిగింది. తర్వాత మెల్లగా తల ఊపింది.

గురువుగారు కోడిని అరుగు కింద కట్టించి, ఆమెను ఒంటరిగా పంపక, నాట్లు వేస్తున్న చేను దాకా వెంట నడిచారు. పైడమ్మని మళ్ళీ పనికి పిలవమంటే మేస్త్రమ్మ తేలిగ్గా ఒప్పుకోలేదు. "కూకున్నోళ్ళకి కూలిస్తే వంగినోళ్ళు నన్ను పీక్కుతింతారు సామీ!" అంది. అక్కడున్న ఆడవాళ్ళే అందుకున్నారు. "గట్టు మీద కూకుని నారు కట్టలు కడతాది, పాటెత్తుతాది. నువ్వెత్తితే కప్పలు కూడా పారిపోతన్నాయి, పిలువే!" మేస్త్రమ్మకి నవ్వాగలేదు.

మరుసటి రోజు తెల్లవారుజామున వరదయ్య పైడమ్మ వీధి చివర నిలబడ్డాడు. మసక వెలుతురులో అడుగులు వచ్చాయి. ఆగాయి. "ఓ పైడమ్మత్తా! నాట్లకి రాయే!" లోపల గడియ తీసిన చప్పుడు. ఆ వెనకే కోడలి గొంతు: "అత్తా, గంజి తాగి ఎళ్ళు."

సాయంత్రం పైడమ్మ బురద కాళ్ళతో వచ్చింది. "నా కోడిని ఇచ్చెయ్యండి బాబూ. గుడ్లు పెట్టే కాలం," అంది సిగ్గుపడుతూ.

వరదయ్య గురువుగారి వైపు చూశాడు.

"కాళ్ళకి కట్టిన తాడు విప్పి ఇయ్యి నాయనా," అన్నారాయన. "అదీ తన కాళ్ళ మీదే ఇంటికి నడిచి వెళ్ళాలి కదా."