ఎర్రకనుమ కోటలో అరవై తుపాకులు

మూడు రోజులుగా సింగప్పనాయుడికి అన్నం సయించడం లేదు.

ఎర్రకనుమ కోటకు అతను నాయకుడై ఏడాది నిండింది. రెండు కొండల మధ్య దారిని కాసే కోట అది. ఉన్న సైన్యంలో పేరున్నది బల్లెం దళం. అరవై మంది. ఆ దళం నిలబడి ఉండగా కనుమ దాటి ఒక్క గుర్రం లోపలికి రాలేదని చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు.

వానాకాలం మొదట్లో రాజధాని నుంచి ఎద్దుబండ్ల మీద అరవై తుపాకులు వచ్చాయి. పన్నెండు పీపాల తుపాకి మందు వచ్చింది. వాటితో పాటు ఒక ఉత్తరం. బల్లేల కాలం అయిపోయిందనీ, దసరా నాటికి దళమంతా తుపాకి పట్టాలనీ, ఆ రోజుకి రాజుగారి మనిషి వచ్చి చూస్తాడనీ అందులో ఉంది.

సింగప్ప మరునాడే అభ్యాసం మొదలుపెట్టించాడు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. బల్లేలన్నీ కట్టలు కట్టించి గిడ్డంగిలో వేయించాడు. నలభై రోజులు గడిచాయి. ఐదు పీపాల మందు పొగైపోయింది. గురి కుదిరినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. మిగతావాళ్ళు మందుకు నిప్పు ఒత్తి అంటించే ముందే మొహం పక్కకు తిప్పేసుకుంటున్నారు. గుండు ఎటు పోతోందో వాళ్ళకే తెలియదు.

దీనికంతటికీ కారణం ఒక్క మనిషేనని సింగప్ప నమ్మాడు. ఆ మనిషి దళానికి పెద్ద, బసివిరెడ్డి.

అరవై ఏళ్ళకు దగ్గర పడ్డవాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో సింగప్ప ఈ కోటలో చేరినప్పుడు బల్లెం ఎలా పట్టాలో చేయి పట్టి నేర్పింది ఆయనే. అప్పట్లో సింగప్ప ఆయన్ని 'మామా' అని పిలిచేవాడు. నాయకుడయ్యాక ఆ పిలుపు మానేశాడు.

ఈ నలభై రోజుల్లో బసివిరెడ్డి తుపాకిని ఒక్కసారి కూడా పేల్చలేదు. మూడు రోజుల కిందట సింగప్ప అందరి ముందూ తుపాకి ఆయన చేతికిచ్చి, "పేల్చు రెడ్డీ" అన్నాడు.

ఆయన దాన్ని రెండు చేతులతో తడిమి, మెల్లగా నేలమీద పెట్టాడు.

"ఇది నా వల్ల కాదు నాయుడుగారూ."

"వల్ల కాకనా? ఇష్టం లేకనా?"

అరవై మందీ చూశారు. ఆ సాయంత్రం అభ్యాసానికి సగం మంది ఆలస్యంగా వచ్చారు.

* * *

కొండ కింద, కనుమ దారి మొదలయ్యే చోట, అజీజ్ బాబా ఉండేవారు. రాతిగోడల చిన్న ఇల్లు, ముందు చిన్న అరుగు. చిరిగిన డేరాలు, పాత బట్టలు పోగేసి ఆయన బొంతలు కుట్టేవారు. చలికాలంలో బురుజుల మీద కాపలా కాసేవాళ్ళకూ, దారిన పోయే బాటసారులకూ ఇచ్చేవారు. సింగప్ప పదేళ్ళుగా ఆయన శిష్యుడు. మనసు బాగాలేనప్పుడల్లా కొండ దిగి వచ్చి ఆ అరుగు మీద కూర్చునేవాడు.

ఆ రోజు మాత్రం కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు.

"రేపు పొద్దున దళం ముందు ఆయన తలపాగా తీయించేస్తాను బాబా. కొండ దింపి పంపేస్తాను. ఒక్కణ్ణి పంపితే మిగతావాళ్ళు దారికొస్తారు. నేను చేసేది తప్పా?"

బాబా కుట్టు ఆపలేదు. "దసరాకి ఎన్నాళ్ళుంది?"

"ముప్ఫై ఐదు రోజులు."

"అయితే ఒక పూట నాకివ్వు. తలపాగా మధ్యాహ్నం తీయించినా కోట కూలిపోదు. రేపు పొద్దున రెడ్డిని తీసుకురా. నువ్వూ ఉండు. బొంతల పని చాలా ఉంది."

సింగప్పకు చిరాకేసింది. సలహా కోసం వస్తే పని చెబుతున్నారు. అయినా గురువు మాట. తల ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరూ కొండ దిగారు. దారంతా ఒక్క మాట లేదు. సింగప్ప ముందు, బసివిరెడ్డి నాలుగడుగులు వెనక. మెట్ల దగ్గర పెద్దాయన కాలితో ముందు తడిమి, తరవాత అడుగు వేస్తున్నాడు. వెనక్కి తిరగలేదు గనక అది సింగప్ప కంట పడలేదు.

బాబా వాళ్ళిద్దరినీ అరుగు మీద పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఎండ నేరుగా పడుతోంది. గుడ్డల మూట విప్పి మధ్యలో పెట్టారు.

"రెడ్డీ, ఈ సూదిలో దారం ఎక్కించు. నాయనా, నువ్వు ఆ డేరా గుడ్డ కత్తిరించు."

సింగప్ప కత్తెర అందుకున్నాడు. మూడు ముక్కలు కత్తిరించాడు. నాలుగో ముక్క కత్తిరిస్తూ పక్కకు చూశాడు. బసివిరెడ్డి చేతిలో సూది అలాగే ఉంది. దారం కొన నోట్లో తడిపి, సన్నగా నలిపి, సూదికి ఆనించాడు. దారం పక్కనుంచి పోయింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పోయింది. సూదిని మొహం దగ్గరకు తెచ్చాడు, దూరంగా పెట్టాడు, వెలుగు వైపు తిరిగాడు.

'పంతం. ఇక్కడ కూడా పంతమే' అనుకున్నాడు సింగప్ప.

తరవాత చూశాడు. ఆయన కణతల మీద చెమట పట్టింది. పంతం పట్టిన మనిషి అంతలా తంటాలు పడడు. సింగప్ప కత్తెర కింద పెట్టి, ఎన్నో నెలల తరవాత మొదటిసారి, ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. ఎండ సూటిగా పడుతున్నా ఆయన కళ్ళు చికిలించడం లేదు. రెండు నల్లగుడ్ల మీదా పాలమీగడలాంటి పొర.

బాబా చేయి చాపి సూది తీసుకున్నారు. దారం ఎక్కించుకుని తన పని తను చేసుకోసాగారు. ఒక గుడ్డల దొంతర రెడ్డి ఒళ్ళో పెట్టి, "మందమైనవి ఒక పక్క, పలచనివి ఒక పక్క వేరు చెయ్యి" అన్నారు. రెడ్డి వేళ్ళు చకచకా కదిలాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

మధ్యాహ్నం దాకా ముగ్గురూ పనిచేశారు. తలపాగా ఊసు ఎవరూ ఎత్తలేదు.

* * *

కొండ ఎక్కేటప్పుడు సింగప్ప ముందు నడవలేదు. సగం దారిలో రాతి మీద కూర్చుని, "కూర్చో మామా" అన్నాడు.

ఆ పిలుపుకి బసివిరెడ్డి ఒక క్షణం ఆగాడు. తరవాత చేత్తో రాయిని వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. ముందు దూరం మసకేసింది. ఈ ఏడు దగ్గర కూడా. కోటలో ప్రతి మెట్టూ తెలుసు గనక నడిచిపోతోంది. బల్లెమైతే పట్టగలను. తుపాకి అలా కాదు. ఆ చిన్న రంధ్రంలో చిటికెడు మందు పోయాలి. చేతిలో ఒత్తి మండుతుంటుంది. పక్కవాడి మందుసంచి ఎక్కడుందో నాకు కనబడదు. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, మన దళం పిల్లలు నా చేతుల్లోనే కాలిపోతారు."

"ఈ మాట నాతో చెప్పొచ్చు కదా!"

"తుపాకులు వచ్చిన రోజే వచ్చాను. నువ్వు రాజుగారికి ఉత్తరం రాస్తున్నావు. రేపు రమ్మన్నావు. మర్నాడు అభ్యాసం అయ్యాక వచ్చాను. వంకలు చెప్పొద్దన్నావు." పెద్దాయన నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. "కళ్ళు పోయాయని అందరి ముందూ అనడానికి నోరు రాలేదు నాయనా. అది నా తప్పు."

సింగప్ప తల వంచుకున్నాడు. కింద లోయలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు.

"ఇంకో సంగతుంది. అదీ చెప్పాలనే వచ్చాను" అన్నాడు బసివిరెడ్డి. "ఆ తుపాకులన్నీ మంచివి కావు. పేలినప్పుడు కొన్నిటి చప్పుడు తేడాగా ఉంది. నిండుగా లేదు. పగిలిన గంట మోగినట్టుంది. మనవాళ్ళు మొహం తిప్పుకునేది బద్ధకంతో కాదు. భయంతో."

సింగప్ప చప్పున లేచి నిలబడ్డాడు. ఇంకో ముప్ఫై నాలుగు రోజులు, రోజుకి రెండు పూటలు పేల్పిద్దామనుకున్నాడు. మందు ఇంకాస్త ఎక్కువ దట్టించి పేల్చమని నిన్ననే చెప్పాడు.

* * *

మర్నాడు అభ్యాసం జరగలేదు. అరవై తుపాకుల్నీ మైదానంలో వరసగా పేర్పించాడు సింగప్ప. కోట కమ్మరి చిన్న సుత్తితో ఒక్కొక్క గొట్టాన్నీ తడుతుంటే, బసివిరెడ్డి పక్కన గొంతుకూర్చుని విన్నాడు, కుండ కొనేవాడు తట్టి చూసుకున్నట్టు. బాగున్నదానికి తల ఊపాడు. బాగాలేనిదాని మీద చెయ్యి వేశాడు. అలా తొమ్మిదింటి మీద చెయ్యి వేశాడు.

కమ్మరి ఆ తొమ్మిదింటినీ కొలిమి దగ్గరకు తీసుకుపోయి ఆకురాయితో రుద్ది చూశాడు. మందు దట్టించే చోట, తొమ్మిదింటికీ, వెంట్రుకవాసి నెర్రె ఉంది.

ఓబులేసు అనే సైనికుడు ముందుకు వచ్చి అందులో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది నాది. నలభై రోజులుగా దీనికే చెంప ఆనిస్తున్నా" అన్నాడు. ఆ మాట తనకు తనే చెప్పుకున్నట్టు అన్నాడు.

సింగప్ప దళం ముందుకు వచ్చాడు.

"మీరు భయపడుతుంటే నేను తిట్టాను. చెప్పబోయిన మనిషిని చెప్పనివ్వలేదు. మీకేమీ కాకపోవడం నా గొప్ప కాదు. మీ అదృష్టం" అన్నాడు. తరవాత బసివిరెడ్డి వైపు తిరిగి, "మామా, ఇప్పుడేం చేద్దాం?" అని అందరి ముందూ అడిగాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "తుపాకి ఒకసారి పేల్చాక మళ్ళీ దట్టించేలోపు గుర్రం మీద పడిపోతుంది. ఆ కాస్త సేపూ ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి. గిడ్డంగిలో బల్లేలు తుప్పు పట్టకముందే తీయించు."

ఆ రోజు నుంచి పని వేరుగా సాగింది. నేర్చుకోగలిగినవాళ్ళు తుపాకి పట్టారు. వయసు మళ్ళినవాళ్ళు, గురి కుదరనివాళ్ళు బల్లెం పట్టి వాళ్ళకు ముందు నిలిచారు. ముందు పదిరోజులు మందు లేకుండా ఉత్త చేతి కదలికలే నేర్పారు. మందు ఎప్పుడు పోయాలో, గుండు ఎప్పుడు వేయాలో, ఒత్తి ఎప్పుడు అంటించాలో వరసగా కేకవేసి చెప్పే పని బసివిరెడ్డిది. ఆయన కేక వేస్తే బురుజు మీదికి కూడా వినబడేది. ఎవరైనా తడబడితే ఆ చప్పుడు బట్టే పట్టుకుని, పేరుపెట్టి పిలిచేవాడు.

సింగప్ప రాజధానికి ఉత్తరం రాశాడు. దసరాకి అరవై మందీ సిద్ధం కారనీ, తొమ్మిది తుపాకులు పనికిరావనీ, వచ్చినప్పుడే పరీక్షించకపోవడం తన పొరపాటేననీ దాచకుండా రాశాడు.

దసరాకి రాజుగారి మనిషి వచ్చాడు. ముప్ఫై ఎనిమిది తుపాకులు ఒక్క పెట్టున పేలాయి. ఒక్క మొహం పక్కకు తిరగలేదు. ఆయన మాత్రం మొహం గంటుపెట్టుకునే ఉన్నాడు.

"అరవై అన్నాం కదా?"

"అవునండీ. మిగతావాళ్ళకు ఇంకో మూడు నెలలు కావాలి."

"బల్లేలు ఇంకా ఎందుకున్నాయి?"

సింగప్ప వివరించాడు. ఆయన విన్నాడో లేదో తెలియదు, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు సింగప్పను ఇంతకంటే పెద్ద కోటకు నాయకుడిగా పంపుతారని అందరూ అనుకునేవాళ్ళు. నెల తిరక్కుండానే ఆ మాట మాటగానే మిగిలిపోయింది. అక్కడికి ఇంకెవరో వెళ్ళారు. మూడు నెలల గడువు మాత్రం ఇచ్చారు. చెడిపోయిన తొమ్మిదింటికీ బదులు కొత్తవి పంపారు. అవి దిగిన రోజే, బండ్ల మీద ఉండగానే, బసివిరెడ్డి తట్టి చూశాడు.

* * *

చలి ముదిరాక ఒకరోజు సింగప్ప కొండ దిగి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే గుడ్డ అందుకున్నాడు. జరిగిందంతా బాబాకు చెప్పాడు. పెద్ద కోట చేజారిన సంగతి కూడా చెప్పాడు. చెప్పేటప్పుడు కొంచెం బాధ వేసింది. దాన్ని దాచుకోలేదు.

బాబా ఓపికగా విన్నారు.

"ఒక్కటి అడగాలి బాబా" అన్నాడు సింగప్ప. "రోజూ పక్కనే ఉన్న నాకే తెలియలేదు. ఆయన కళ్ళ సంగతి మీకెలా తెలిసింది?"

బాబా ఆశ్చర్యంగా చూశారు.

"నాకు తెలియదు నాయనా."

"మరి ఆ రోజు మమ్మల్ని ఎందుకు రమ్మన్నారు?"

"మీ ఇద్దరూ ఒకచోట కూర్చుని ఎన్నాళ్ళయిందో అనిపించింది" అన్నారు బాబా. "అంతే."