బాగున్నాను సార్

నక్క బడి నడిపిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. ఆ బడిలో నేర్పిందీ అదే.

ఏటిగట్టుకు ఇవతల, రాళ్ళ మిట్ట మీద, తునికి చెట్ల నీడన ఉండేది ఆ బడి. హెడ్మాస్టరు జంబులింగం అనే నక్క. పాఠాలు చెప్పేది నందయ్య అనే ముసలి ఎద్దు. దున్నినన్నాళ్ళు దున్నించుకుని యజమాని కటికవాడికి అమ్మబోతే, తాడు తెంపుకుని పారిపోయి వచ్చాడు. మెడ మీద కాడి పుండు ఇంకా మానలేదు. అయినా పిల్లల్ని పల్లెత్తు మాట అనడు. కుందేళ్ళూ ఉడుతలూ పావురాళ్ళూ ఆయన్ని చూసే తమ పిల్లల్ని అక్కడికి పంపేవి.

ఒకనాడు జంబులింగం ఏదో పెద్ద సభకు వెళ్ళి మెడలో దండతో తిరిగొచ్చాడు. రాగానే గంట కొట్టించాడు.

"వినండర్రా! మాస్టారూ, మీరూ వినండి. ఇకనుంచి మన బడిలో అక్షరాలతో పాటు మనసు సంగతి కూడా చూస్తాం. పిల్లలు సంతోషంగా ఉన్న బడికి ఏనుగు ఇన్‌స్పెక్టరుగారు 'ఆనంద బడి' అని బోర్డు ఇస్తారట. అది మనకే రావాలి."

నందయ్యకు ప్రాణం లేచొచ్చింది. "చాలా మంచి మాటన్నారు సార్. పిల్లలకి బాధొస్తే చెప్పుకునే చోటు ఉండాలి. మాస్టర్లకైనా అంతే కదండీ."

"బాధేమిటయ్యా నీ మొహం! బాధలున్న బడికి బోర్డు ఎవడిస్తాడు? రేపట్నుంచి పేరు పిలిస్తే 'ఉన్నాను సార్' అనకూడదు. 'బాగున్నాను సార్' అనాలి. నవ్వుతూ అనాలి. అననివాడు ఆ పూట బడికి రానట్టే లెక్క. రానివాడికి మధ్యాహ్నం నూకలు లేవు."

"మరి మాస్టర్లు?"

"మాస్టర్లకు ఉలవలు లేవు."

ఆనందాన్ని నూకలతో కొనొచ్చని ఆ నక్కకు ఎవరు చెప్పారో గానీ, మర్నాడు పొద్దున పిల్లలంతా తెగ బాగున్నారు. కాలికి ముల్లు దిగిన కుందేలు పిల్ల బాగుంది. తోక తెగిన ఉడుత పిల్ల బాగుంది. నందయ్య కూడా మెడ మీద ఈగలు తోలుకుంటూ, "బాగున్నాను సార్" అన్నాడు.

ఒక్క తీతి మాత్రం అనలేదు.

తీతి అంటే తీతువు పిట్ట కూతురు. తీతువు అరిస్తే అపశకునమని జనం తిట్టుకుంటారు, మీకూ తెలుసు. పాపం, అది అరిచేది ఎవరో వస్తున్నారు, జాగ్రత్త అని చెప్పడానికే. చెట్ల మీద గూడు కట్టుకోదు, రాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ అరుపు తప్ప దానికి వేరే కాపలా లేదు.

"తీతీ!" అని పిలిచాడు జంబులింగం.

"బాగోలేదు సార్. మా ఇంట్లో గుడ్లు..."

"నోర్ముయ్! అపశకునపు పిట్టవి, పొద్దున్నే నీ నోట అపశకునమే వస్తుంది. రాలేదని వేసుకోండి మాస్టారూ."

"ఎదురుగా నుంచుంది కదా సార్?"

"మీరిక్కడ నిలుస్తారా, లేదా? అది చూసుకోండి ముందు."

మధ్యాహ్నం అందరూ నూకలు తింటుంటే తీతి ఒక రాయి వెనక ముడుచుకుని కూర్చుంది. నందయ్య అటు నడిచాడు.

"ఏమైంది తల్లీ?"

"పోయిన నెల మా అమ్మ గుడ్లు ఎవరో తినేశారు సార్. పెంకులు మిగిలాయంతే. మళ్ళీ పెట్టింది. ఈ ఏడాదికి ఇవే ఆఖరివంట. రాత్రిళ్ళు మీరొచ్చి గూటి పక్కన పడుకోరా సార్? మీ కొమ్ములు చూస్తే వాడు రాడు."

"ఎవడమ్మా?"

తీతి గొంతు తగ్గించింది. "పెంకుల దగ్గర వాసనొచ్చింది సార్. మన బడిలో రోజూ పేర్లు పిలిచేటప్పుడు వస్తుందే, అదే వాసన."

గూటి పక్కన పడుకుంటే నక్కకు తెలుస్తుంది. తెలిస్తే బడిలోంచి గెంటేస్తాడు. గెంటేస్తే వెనక కటికవాడి తాడే దిక్కు. అదీ నందయ్య భయం. ఎద్దు జన్మ ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది, మనం ఊరికే నోరు పారేసుకోకూడదు.

"తల్లీ, నా మాట విను. రేపు మాత్రం బాగున్నానను. ముందు నీ కడుపు నిండాలి. బోర్డు వచ్చేదాకా ఓర్చుకో. వచ్చాక నేనే మాట్లాడతా, సరేనా? ఏదీ, ఒక్కసారి చెప్పు."

"బాగు... బాగున్నాను సార్."

"నవ్వుతూ."

"పిట్టలకి నవ్వు రాదు సార్."

"అయితే తల ఊపు. ఆఁ, అలాగే. మా బంగారమే!"

కసిరి నేర్పితే మర్చిపోయేదేమో. ప్రేమగా నేర్పాడు, ఒంటబట్టింది.

తర్వాత రోజూ తీతి తల ఊపుతూ బాగున్నానంది. నూకలు తింది. ఇంటి దగ్గర కూడా అలికిడైతే అరవడం మానేసి తల ఊపేదట. అలా ఉండగా ఒక పొద్దున బడికి ఆలస్యంగా వచ్చింది. కాలి వేళ్ళ మధ్య చుక్కల చుక్కల పెంకు ముక్క ఇరుక్కుని ఉంది. రాతి మీద కూర్చుని పేర్లు పిలుస్తున్న జంబులింగం మీసాల మీద పచ్చసొన ఎండి అట్టకట్టింది.

"తీతీ!"

"బాగున్నాను సార్."

తల సరిగ్గా నేర్పినట్టే ఊపింది. "చూశారా మాస్టారూ! ఎంత మారిందో!" అన్నాడు జంబులింగం మీసాలు నాక్కుంటూ.

నందయ్య ఆ పెంకు ముక్కను చూశాడు. ఆ పూట ఆయన ఉలవలు ముట్టలేదు. ముట్టకపోతే ఎవడికేం ఒరిగింది? గుడ్లు తిరిగొచ్చాయా?

బోర్డు రోజు వచ్చింది. ఏనుగు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, "ఎలా ఉన్నారు పిల్లలూ?" అన్నారు. "బాగున్నాం సార్!" అని మిట్ట దద్దరిల్లింది. ఆయన చెవులూపుకుంటూ బోర్డు జంబులింగం చేతిలో పెట్టి, చెరుకు గడలు నమిలి వెళ్ళిపోయారు. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది, ఆయన పని అయిపోయింది.

జంబులింగం రాతి మీదికెక్కి, తునికి చెట్లకు వీపు పెట్టి ఉపన్యాసం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ చెట్ల మధ్యనుంచి చిరుతపులి పొట్ట నేలకానించి పాకుతూ వస్తోంది. అందరికంటే ముందు చూసింది తీతి. ముక్కు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

పిల్లల కళ్ళన్నీ ఒకవైపే ఉండటం చూసి నక్క తడబడ్డాడు. "ఏంట్రా అలా చూస్తున్నారు? నా వెనకేమన్నా ఉందా? ఒసే తీతీ, నువ్వు చెప్పవే!"

"బాగున్నాను సార్."

"నీ గురించి కాదే, నా గురించి!"

"బాగున్నాం సార్!" అన్నారు పిల్లలందరూ, నవ్వుతూ.

చిరుత ఒక్క దూకు దూకింది. "అరవండర్రా! ఎవరైనా అరవండి! మాస్టారూ!" అని నక్క మొత్తుకుంటూనే ఉన్నాడు. చెట్ల మధ్యకు ఈడ్చుకుపోతుంటే పిల్లలు ఇంకోసారి, ఇంకా గట్టిగా, బాగున్నామన్నారు. తీతి కావాలనే ఊరుకుందో, నేర్చుకున్నది అప్పజెప్పిందో నాకు తెలీదు. ఏదైనా సరే, నక్క చచ్చినందుకు నాకు ఏడుపు రాలేదు.

ఏడుపొచ్చింది మర్నాడు.

పొద్దున్నే నందయ్య ఆ బోర్డును కొమ్ములతో కుమ్మి ఏట్లో పారేశాడు. "పిల్లలూ, ఇక ఎవరికెలా ఉంటే అలా చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి. ఎవరికీ నూకలు ఆపను," అన్నాడు. కుందేలు పిల్ల కుంటుకుంటూ వచ్చి ముల్లు చూపించింది. ఉడుత పిల్ల బావురుమంది. ఆయన ఒక్కొక్కరినే నాకి ఓదార్చి, చివరికి తీతి దగ్గరికొచ్చాడు.

"ఎలా ఉన్నావు తల్లీ?"

"బాగున్నాను సార్."

"మీ అమ్మ?"

"బాగుంది సార్."

గుడ్లు పోయిన బెంగతో వాళ్ళమ్మ ఏరు దాటి ఎటో వెళ్ళిపోయిందని మిట్టంతా తెలుసు. నందయ్య మోకాళ్ళ మీద కూలబడి, మొహం దాని ముందు నేలకానించాడు. "నేనే చెడగొట్టాను నిన్ను. తప్పు నాదే తల్లీ. ఒక్కసారి అరవమ్మా. నన్ను తిట్టు, పోనీ. ఒక్కసారి!"

తీతి ఆయన్నే చూసింది. తర్వాత, ఆయన నేర్పినట్టే, తల ఊపింది.

బాగోలేదని చెప్పనివ్వని చోట, బాగున్నానన్న మాటను నమ్మకండి.