ఒడ్డు మీద బెంగపెట్టుకున్న డాల్ఫిన్ పిల్ల

అనగనగా ఒక అడవి. అడవంటే పులులుండే అడవి కాదు, పిల్లలూ. గోదావరి వెళ్లి సముద్రంలో కలిసేచోట ఉండే మడ అడవి. అక్కడ చెట్ల కాళ్లు ఎప్పుడూ బురదలోనే ఉంటాయి. సముద్రం ఆ అడవిలోకి వస్తుంది, చెట్ల మొదళ్లు తడిమి చూస్తుంది, వెనక్కి పోతుంది. నీరు వచ్చేటప్పుడు పోటు అంటారు. పోయేటప్పుడు ఆటు అంటారు.

ఇవన్నీ నీకెలా తెలుసని నన్ను అడక్కండి. నా చదువంతా పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీద సాగింది. నూనె మరక ఎక్కడ మొదలైతే నా జ్ఞానం అక్కడ ఆగేది. కథలో తప్పులుంటే నూనెని తిట్టండి.

ఆ అడవి ముందరి నీళ్లలో ఒక డాల్ఫిన్ పిల్ల ఉండేది. పేరు తరగ. తరగకి అన్నీ ఉన్నాయి. అమ్మ ఉంది. అమ్మ పాలున్నాయి. ఆడుకోవడానికి సముద్రమంత చోటుంది. ఉన్నదల్లా ఒక్కటే దిగులు. గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడల్లా దానికి ఒడ్డు కనపడేది. ఒడ్డు మీద మేసే గేదెలు కనపడేవి. గేదెల వెనక దూడలు పరిగెత్తేవి. చూస్తుంటే తరగకి ఎందుకో ఎన్నడూ వెళ్లని ఊరి మీద బెంగపెట్టుకున్నట్టు ఉండేది.

"గాలి పీల్చావుగా, ఇంక దిగు," అనేది అమ్మ.

"అమ్మా, చేపలు గాలి కోసం పైకి రావు కదా. మనమే ఎందుకు వస్తాం?"

"మా అమ్మ వచ్చేది. నేను వస్తున్నాను. నువ్వూ రా. అంతే."

"మీ అమ్మ ఎందుకు వచ్చేది?"

"ఆకలేస్తే ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. పాలు తాగు."

తరగ పాలు తాగింది. కడుపు నిండింది. ప్రశ్న మాత్రం కడుపులోకి దిగలేదు.

ఇలా కాదని అది మొదట పండుగప్ప దగ్గరికి వెళ్లింది. పండుగప్ప పెద్ద చేప. దాని గర్వం ఇంకా పెద్దది. ఇది ఇంకా పాలు తాగే పిల్లే కదా, నన్నేం తినదులే అన్న ధైర్యంతో అది పారిపోకుండా నిలబడింది.

"బాబాయ్, నేనూ చేపనేనా?" అని అడిగింది తరగ.

"నువ్వా!" అంది పండుగప్ప. "చేపకి మొప్పలుండాలి. నీకున్నాయా? చేప తల్లి పిల్లలకి పాలిస్తుందా? మా అమ్మ ఎవరో నాకే తెలీదు! మేం తోక అటూ ఇటూ ఊపుతాం. నువ్వు పైకీ కిందికీ కొడతావు. నీళ్లలో ఉన్నవాళ్లంతా చేపలే అయితే, ఆ పడవ లంగరు కూడా నా మేనల్లుడే."

తరగ చిన్నబోయింది. తను చేప కాదు. మరి ఎవరు?

రెండోసారి కొంగ తాత దగ్గరికి వెళ్లింది. కొంగ తాత మడ చెట్టు పక్కన ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"తాతా, నన్నెవరు చేశారు?"

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని కొంగ చాలాకాలంగా చూస్తోంది. మెడ సాచి మొదలుపెట్టింది.

"దేవుడు చేశాడు తల్లీ. ఒక్క రోజులో చేశాడు. మట్టి కలిపాడు, బొమ్మలు చేశాడు, ప్రాణం పోశాడు. ఎవరి చోట వాళ్లని పెట్టాడు. నన్ను ఒడ్డున పెట్టాడు. నిన్ను నీళ్లలో పెట్టాడు. ఆ రోజు ఎలా ఉన్నామో ఈ రోజూ అలాగే ఉన్నాం."

"మరి నీళ్లలో పెట్టేదానికి మొప్పలు పెట్టలేదేం?"

కొంగ రెండో కాలు కూడా దించి ఆలోచించింది. "అప్పటికి పొద్దుగూకి ఉంటుంది," అంది.

"మరి ఒడ్డు మీద ఈ బెంగ ఎందుకు పెట్టాడు?"

"అది నాకు తెలీదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. నువ్వు ఊరికే పుట్టలేదు. నువ్వు కావాలని ఎవరో అనుకుంటేనే పుట్టావు."

ఆ మాట తరగకి వెచ్చగా తగిలింది. చల్లటి నీళ్లలో అలాంటి మాట ఎక్కడ దొరుకుతుంది? కానీ మళ్లీ గాలి కోసం తల ఎత్తింది. మళ్లీ ఒడ్డు కనపడింది. మళ్లీ ఆ బెంగే మొదలైంది.

మూడోసారి నీటికుక్క దగ్గరికి వెళ్లింది. పేరుకే కుక్క. నీళ్లలోనూ నేల మీదా తిరుగుతూ చేపలు పట్టుకు తినే జంతువది.

"మావా, నన్నెవరు చేశారు?"

"మాటలు తర్వాత. వచ్చి చూడు," అంది నీటికుక్క.

అది తరగని ఇసుక దిబ్బ వారకి తీసుకెళ్లింది. దిబ్బ అంచున నీళ్లు తగిలేచోట తెల్లటి ఎముకలు పడి ఉన్నాయి.

"భయపడకు. మీవాళ్లలో ఎవరో ముసలావిడ. ఇదిగో, ఈత రెక్క లోపలి ఎముకలు. ఎన్ని వరసలున్నాయో చూడు."

తరగ చూసింది. "మావా! ఇవి వేళ్లు! అయిదు వేళ్లు!"

నీటికుక్క తన పంజా తీసి ఆ ఎముకల పక్కన పెట్టింది. దానికీ అయిదే.

"ఇంకా ఇదిగో, నడుం దగ్గర రెండు చిన్న ఎముకలు. కాళ్లు ఉండేచోట ఉన్నాయి, కాళ్లు మాత్రం లేవు. ఇంక నన్ను చూడు." అది దిబ్బ మీద ఒక పరుగు తీసి వచ్చింది. "నా వెన్ను ఎలా వంగింది?"

"పైకీ కిందికీ. నా తోకలాగే!"

"మరి! చాలా చాలా కాలం కిందట మీ ముత్తవ్వలు నాలుగు కాళ్లతో ఒడ్డునే తిరిగేవారు. తిండి కోసం నీళ్లలోకి దిగారు. వాళ్ల పిల్లలన్నీ ఒకేలా పుట్టవు కదా. ఈతకి కాస్త అనువైన ఒళ్లున్నవి ఎక్కువ బతికాయి. వాటి పిల్లల్లో ఇంకాస్త అనువైనవి బతికాయి. అలా పోగా పోగా కాళ్లు చిన్నవైపోయి మాయమయ్యాయి. ఊపిరి మాత్రం పాతదే ఉండిపోయింది."

"కొంగ తాత ఒక్క రోజులో అన్నాడే?"

"తాత మంచివాడే. కానీ చేప కోసం తప్ప ఎప్పుడూ వంగడు. ఈ ఎముకల్ని వంగి చూస్తే కదా!"

నిజం చెప్పాలంటే పిల్లలూ, నేనూ కొంగ పక్షమే. వంగే పని ఉండదు కదా! కానీ ఏం చేస్తాం? ఎముకలు నా నడుం నొప్పిని చూసి మాట మార్చవు.

తరగకి మాత్రం ఒళ్లంతా ఝల్లుమంది. "అయితే ఒడ్డే మా ఇల్లు! అందుకే నాకీ బెంగ! నేను మా ఇంటికి పోతాను!"

"ఏయ్, నేను చెప్పింది అది కాదే!" అని నీటికుక్క అరిచేలోపే అది వెళ్లిపోయింది.

పోటు వచ్చింది. నీరు అడవిలోకి ఎక్కింది. తరగ ఆ నీటితోపాటు ఎక్కి, చెట్ల మధ్యకి వెళ్లి, గడ్డి తగిలేదాకా వెళ్లి ఆగింది. "వచ్చేశాను," అనుకుంది.

ఆటు మొదలైంది. నీరు వెనక్కి పోయింది. తరగ మాత్రం బురద మీద ఉండిపోయింది. నీళ్లలో ఉన్నన్నాళ్లూ దానికి తన బరువేమిటో తెలీదు. ఇప్పుడు తన బరువే తన గుండె మీద కూచుంది. ఎండ ఎక్కింది. వీపు మీద చర్మం బిగుసుకుపోతోంది. దూరంగా, నీళ్లున్నచోటి నుంచి అమ్మ ఈల వేసి పిలవడం వినపడుతోంది. అమ్మ ఇక్కడిదాకా రాలేదు. తను అక్కడిదాకా పోలేదు.

నీటికుక్క పరిగెత్తుకొచ్చింది. కొంగ ఎగురుకుంటూ వచ్చింది.

"చూశావా? నేను చెప్పలేదూ! దేవుడు దాన్ని నీళ్ల కోసం చేశాడు. నువ్వేమో లేనిపోనివి నూరిపోశావు," అంది కొంగ.

"లేనిపోనివా? కావాలంటే ఇప్పుడే పద, ఎముకలు చూపిస్తా!" అంది నీటికుక్క.

"మావా," అంది తరగ నీరసంగా, "ఊపిరి ఆడటం లేదు."

నీటికుక్క చెప్పింది నిజమే. ఆ నిజాన్ని సగం చెవితో విన్న పిల్ల ఇక్కడ ఎండిపోతోంది. "తాతా, నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు రెక్కలు చాపు," అంది. కొంగ మారుమాట లేకుండా రెక్కలు చాపి నీడ పట్టింది. నీటికుక్క గబగబా తడి బురద తెచ్చి పిల్ల వీపు మీద పులిమింది. కంగారులో నడినెత్తి మీదున్న ముక్కు మీద కూడా పులమబోయింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! ముక్కు మూస్తావేంట్రా!" అని వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

అది కర్రెమ్మ అనే గేదె. ఎండకి తట్టుకోలేక బురదలో పొర్లడానికి వచ్చింది. తరగని ఒకసారి వాసన చూసింది. "పాలు తాగే పిల్ల ఇది," అంది. ఇంక ఏమీ అడగలేదు. పిల్ల పక్కనే పడుకుని పొర్లడం మొదలుపెట్టింది. ఇటు పొర్లింది, అటు పొర్లింది, మళ్లీ ఇటు పొర్లింది. గేదె బరువుకి బురద దిగి గొయ్యి పడింది. గోతిలోకి నాలుగు వైపుల నుంచి నీరు ఊరింది. గేదె కొమ్ములు తగలకుండా నుదుటితో తోసి, తరగని ఆ నీళ్లలోకి జార్చింది.

తరగకి ఊపిరి ఆడింది. గేదె కూడా పక్కనే ముక్కు మాత్రం పైకి పెట్టి మునిగింది. ఇద్దరూ బుస్సుమంటూ ఒకే గాలి పీల్చారు.

"అత్తా, మా ముత్తవ్వలు కూడా నీలాగే నడిచేవాళ్లట. మీ ముత్తవ్వకి చెల్లెలెవరైనా ఉండేదా?"

గేదె నెమరు ఆపింది. "ఏమోనమ్మా. మాకంత గుర్తుండదు. కానీ నీళ్లు కనపడితే చాలు, మావాళ్లం దిగిపోతాం. దిగాక లేవబుద్ధి కాదు. ఎవరో ఇక్కడే ఎక్కడో ఉన్నట్టుంటది."

తరగ గేదె పక్కకి ఇంకాస్త జరిగింది. తర్వాత మెల్లగా అడిగింది. "అత్తా, నేను నీ దగ్గరే ఉండిపోనా?"

"ఉంటే నాకు మాత్రం చేదా? కానీ పిల్లా, ఆ కాళ్లు పోయి ఈ తోక రావడానికి ఎంతమంది తల్లులు పట్టారో! నువ్వొక్క పూటలో వెనక్కి వచ్చేస్తానంటే ఎలాగే? అదిగో, మీ అమ్మ పిలుస్తోంది."

పొద్దు వాలుతుండగా పోటు వచ్చింది. నీరు గోతిని ముంచింది. తరగ తేలింది. పోయేముందు కొంగ వంక తిరిగింది.

"తాతా, నేను కావాలని నిజంగానే ఎవరైనా అనుకున్నారా?"

కొంగ రెక్కలు నొప్పెట్టి ముడుచుకుంది. "నేను చూడలేదు తల్లీ," అంది. "అనుకుని ఉంటే బాగుండునని నాకుంటుంది. నా గురించి కూడా."

నీటికుక్క మామూలుగా అయితే ఏదో ఒక ఎగతాళి మాట అనేది. ఇప్పుడు, "ఎలా వచ్చామో ఎముకలు చెబుతాయి," అంది. "ఆ సంగతి మాత్రం వాటినడిగితే చెప్పవు."

తరగ ఈదింది. పక్కనే గేదె నడిచింది. నీరు గేదె మోకాళ్లు దాటింది, పొట్ట దాటింది, మెడ దాకా వచ్చింది.

"ఇక్కడి దాకే నా కాళ్లు," అంది కర్రెమ్మ. "ఇక్కడి నుంచి నీ తోక. పో తల్లీ."

తరగ దాని చెంపకి చెంప ఆనించి, మునిగి, వెళ్లిపోయింది. కాసేపటికి దూరంగా రెండు ఈలలు కలిసి వినపడ్డాయి. ఒడ్డున దూడ అరుస్తున్నా కర్రెమ్మ మాత్రం వెంటనే వెనుదిరగలేదు. నీళ్లలో మెడ వరకూ మునిగి, అటే చూస్తూ నిలబడింది.

నీతి: ఎక్కడి నుంచి వచ్చామో వంగి, వెతికి తెలుసుకోవాలి. కానీ ఒకప్పుడు వదిలి వచ్చిన చోటు ఇప్పుడు మన ఇల్లు కాదు. అక్కడ చుట్టాలుంటారు, ఇంటి నుంచి మాత్రం అమ్మ పిలుస్తుంటుంది.