రెండు క్రిస్మసుల నడుమ

సుమారు నాలుగు వందల ఏళ్ళ కిందట జర్మన్ దేశంలో నది ఒడ్డునున్న ఒక చిన్న పట్టణంలో యోబ్స్ట్ అనే పండితుడు ఖగోళశాస్త్రం బోధించేవారు. ఎవరెంత పెద్ద ప్రశ్న అడిగినా ఆయన చిన్న సంగతే చెప్పేవారు.

ఒకనాడు కిలియన్ అనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, తాతముత్తాతల కాలంలో అచ్చుయంత్రం వచ్చింది. తర్వాత మన క్రైస్తవ మతం రెండుగా చీలింది. ఇప్పుడు ఆకాశం లెక్కలు మారుతున్నాయి. వీటిని దేనికది చదువుకుంటున్నాం. ఇవి నిజంగా ఒకదానితో ఒకటి సంబంధం లేనివేనా?"

గురువుగారు కిటికీలోంచి నదివైపు చూసి మొదలుపెట్టారు.

"మన ఒడ్డున వల్బుర్గా అని ఒక ముసలమ్మ ఉండేది. మనలాగే పాత మతం. ఒక్కగానొక్క కూతురు ఓటిలీ అవతలి ఒడ్డున కొత్త మతం వాళ్ళింటికి కోడలైంది. మతాలు వేరైనా క్రిస్మస్ నాడు తల్లి పడవెక్కి వెళ్ళేది. ఇద్దరూ ఒకే పండుగ రొట్టె తుంచుకుని తినేవారు.

ఇంతలో, క్యాలెండరుకూ సూర్యుడికీ పొంతన తప్పిందని మావంటివాళ్ళం తేల్చాం. మన మతపెద్ద పోపుగారు మా లెక్క ఒప్పుకుని తేదీని పది రోజులు ముందుకు జరిపారు. ఆయన ఒప్పుకున్నారు గనకనే అవతలి ఒడ్డు ఒప్పుకోలేదు. తమ పది రోజులు దొంగిలించారని వాళ్ళు, సూర్యుడికే ఎదురుచెప్పే మూర్ఖులని మనవాళ్ళు కరపత్రాలు అచ్చువేశారు. ఒకప్పుడైతే ఆ తిట్లు ఊరు దాటేసరికి చల్లారిపోయేవి. ఇప్పుడు వేడివేడిగానే ప్రతి గుమ్మానికీ చేరాయి. కొట్లాటలయ్యాయి. చివరికి రేవులో పడవ ఆపేశారు.

ఆ తర్వాత మన క్రిస్మస్ నాడు వల్బుర్గా గట్టు మీద నిలబడి అవతలి పొగగొట్టాల్లో కూతురి ఇల్లు వెతుక్కునేది. అక్కడ ఓటిలీ మగ్గం ముందుండేది, వాళ్ళకది మామూలు రోజు. వాళ్ళ క్రిస్మస్ నాడు ఓటిలీ ఇటు చూసేది. మన గంటలు మోగేవి కావు. అలా కొన్నేళ్ళు గడిచాయి.

ఒక చలికాలం నది గడ్డకట్టింది. మన పండుగ అయిపోయింది, వాళ్ళది ఇంకా రాలేదు. ఒక ఉదయం వల్బుర్గా పండుగ రొట్టె శాలువలో చుట్టుకుని మంచు మీదికి దిగింది. కావలివాళ్ళు కేకలు వేశారు. ఆమె వినలేదు. అవతలి నుంచి ఓటిలీ పరుగెత్తుకొచ్చింది. వెనక మొగుడు పిలుస్తూనే ఉన్నాడు. నది నడిమధ్య ఇద్దరూ కలుసుకున్నారు. నేను గట్టు మీదే ఉన్నాను. గాలి ఇటు వీస్తోంది, మాటలు వినబడ్డాయి.

'మీ పండుగ అయిపోయిందిగా అమ్మా, ఇంకా ఈ రొట్టె తుంచలేదా?' అంది కూతురు.

'ఊళ్ళో అయిపోయింది తల్లీ. నాకు కాలేదు,' అంది ముసలమ్మ.

గట్టిపడిన ఆ రొట్టెను తుంచుకుని నిలబడే తిన్నారు. ఎండ ఎక్కి కాళ్ళకింద మంచు పటపటమనేదాకా ఒకరి చేతులు ఒకరు వదల్లేదు. తర్వాత ఎవరి ఒడ్డుకు వాళ్ళు వెళ్ళిపోయారు. చెట్లు చిగురించకముందే వల్బుర్గా పోయింది. మంచు కరిగిపోయి, పడవ లేక ఓటిలీ రాలేకపోయింది."

కిలియన్ మెల్లగా అడిగాడు: "వాళ్ళు కలుసుకున్ననాడు తేదీ ఎంత, గురువుగారూ? మన లెక్కనా, వాళ్ళ లెక్కనా?"

"ఆకాశంలో జరిగిందైతే లెక్కగట్టి చెప్పేవాణ్ణి నాయనా. అది రెండు ఒడ్ల నడుమ జరిగింది," అన్నారు గురువుగారు.